మా వీధి చివరి బుష్‌లో ట్రాప్‌డోర్ సాలీళ్ళున్నాయి (నేలలో బొరియ తవ్వి మూత పెట్టుకునేవి), ఆకులన్నీ ఊడ్చేస్తామంటున్నారు. ఏం చెయ్యాలి?

సుగుణ_నైట్‌డ్యూటీ

అందరికీ నమస్తే. ఆస్ట్రేలియా పెర్త్‌లో బుష్ (సహజంగా పెరిగిన చెట్టుచేమల నేల) పక్కన ఇళ్ళున్నవాళ్ళు, దాన్ని చూసుకునే బుష్‌కేర్ గ్రూపుల్లో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త ఓపిగ్గా చదవండి. పొడుగ్గానే రాస్తున్నాను.

మా వీధి చివర రెండు హెక్టార్లు కూడా లేని బుష్ ముక్క ఒకటి ఉంది. ఒక పక్క ఇళ్ళ కంచెలు, రెండు పక్కల రోడ్డు, నాలుగో పక్క పిల్లలు ఫుట్‌బాల్ ఆడే ఓవల్. లోపల బాంక్సియాలు, షీఓక్‌లు, రెండు పెద్ద మారీ చెట్లు. నేను ఏజ్డ్‌కేర్‌లో, అంటే వృద్ధుల హోమ్‌లో, రాత్రి డ్యూటీ చేస్తాను. పొద్దున్న ఏడింటికి బస్సు దిగి, ఆ బుష్ మధ్య బాట మీదుగా నడిచి ఇంటికొస్తాను. నాలుగేళ్ళుగా అదే దారి.

పోయినేడు జూన్‌లో షూ లేసు ఊడితే కట్టుకుందామని కూర్చున్నాను. నా చేతికి జానెడు దూరంలో రెండు డాలర్ల నాణెమంత గుండ్రటి మూత కనబడింది. దాని మీద ఇసుక, ఆకు ముక్కలు అంటించి ఉన్నాయి. కూర్చున్నాను కాబట్టి కనబడిందిగానీ నిలబడి చూస్తే అది నేలే. మూత అంచు దగ్గర్నుంచి రెండు పక్కలకీ షీఓక్ పుల్లలు, ఒకదాని వెంట ఒకటి, మీసం దువ్వినట్టు పేర్చి ఉన్నాయి. గాలికి రాలిన పుల్లలు అలా పడవు కదా అనుకున్నాను.

ఆ వారం సెలవు రోజు రాత్రి టార్చి తీసుకుని వెళ్ళాను. మూత వేలి గోరు మందాన పైకి లేచి ఉంది. కింద నుంచి నల్లటి ముందుకాళ్ళు రెండు అంచు మీద ఆనించి ఉన్నాయి. పది నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. ఒక చీమ ఆ పుల్లల్లో ఒకదాని మీదికెక్కింది. అంతే, మూత ఎప్పుడు తెరుచుకుందో, చీమ ఎప్పుడు లోపలికి పోయిందో నాకు కనబడలేదు. మూత పడ్డాక పుల్ల ఇంకా ఊగుతోంది.

ఆ శీతాకాలమంతా లెక్కపెట్టాను. మొత్తం 14 బొరియలు. ఫొటోలు చూసిన తెలిసినవాళ్ళు ఇది ఇడియోసోమా సిగిలేటమ్ అయ్యుంటుందన్నారు. స్వాన్ తీర మైదానానికే చెందిన సాలీడట, ప్రపంచంలో ఇంకెక్కడా లేదట.

ఇప్పుడు అసలు విషయం. పోయిన ఆగస్టులో మా కౌన్సిల్ పంపిన కాంట్రాక్టర్లు వచ్చి బాటకి రెండు పక్కలా మూడేసి మీటర్లు గాలి కొట్టే బ్లోయర్లతో ఆకులన్నీ ఊదేసి, రేక్‌లతో గీకేసి పోయారు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి తెల్లటి ఇసుక. నేను 5, 6, 7 అని రాసుకున్న మూడు బొరియల పుల్లలూ పోయాయి. 5వ దాని మూత ఊడి పక్కన పడి ఉంది. 6, 7 మళ్ళీ నాలుగైదు పుల్లలు అతికించుకున్నాయి. 5 అతికించుకోలేదు. ఇప్పటిదాకా లేదు.

నిన్న పోస్టులో కాగితం వచ్చింది. ఈసారి బాట పక్కనే కాదు, లోపల మధ్య వరకూ ‘చెత్త తొలగిస్తాం’ అని ఉంది. జులైలో మొదలు. నాకు మూడు సందేహాలు. ఈలోపు వాటిని జాగ్రత్తగా తవ్వి మా పెరట్లో పెట్టుకుంటే బతుకుతాయా? కౌన్సిల్‌కి రాస్తే ఎవరికి, ఏమని రాయాలి? మంటల భయం ఉన్న ఊళ్ళో ఆకులు తీయొద్దనడం తప్పా?

బాంక్సియా_బాబాయ్

సుగుణమ్మా, ముందుగా ఒక్కటే మాట. తవ్వొద్దు.

పన్నెండేళ్ళుగా మా ఇంటి దగ్గరి బుష్‌లో కలుపు తీస్తున్నాను. నేను శాస్త్రవేత్తని కాదు, ఎలక్ట్రీషియన్‌ని. కానీ ఈ సాలీళ్ళ గురించి చదవగలిగినంతా చదివాను, మోకాళ్ళ మీద చూడగలిగినంతా చూశాను.

ఆడ సాలీడు పుట్టిన కొన్నాళ్ళకే తల్లి బొరియకి దగ్గర్లోనే తనకో బొరియ తవ్వుకుంటుంది. ఇక జన్మంతా అదే ఇల్లు. తను పెరిగేకొద్దీ దాన్నే వెడల్పు చేసుకుంటుంది, మూతని పెంచుకుంటుంది. పెద్దదయ్యాక తీసుకెళ్ళి వేరేచోట వదిలితే మళ్ళీ మొదటినుంచి తవ్వుకుని నిలదొక్కుకోవడం చాలా కష్టం. మీ పెరట్లో నీళ్ళు పట్టిన మట్టి, అక్కడ ఎండిన ఇసుక. అక్కడ షీఓక్ రాలే పుల్లలు, మీ దగ్గర గడ్డి. మంచి ఉద్దేశంతోనే తవ్వినా, అది చంపడంతో సమానమే అవుతుంది.

వీటి ఆయుష్షు ఎంతో చెప్తే మీకు ఆ 5వ నంబరు బొరియ ఎందుకంత ముఖ్యమో తెలుస్తుంది. పెర్త్‌కి తూర్పున గోధుమ పొలాల ప్రాంతం వీట్‌బెల్ట్‌లో, టామిన్ దగ్గర నార్త్ బంగల్లా రిజర్వు ఉంది. అక్కడ బార్బరా యార్క్ మెయిన్ అనే శాస్త్రవేత్త 1974లో ట్రాప్‌డోర్ సాలీళ్ళ బొరియలకి నంబర్లు వేసి గమనించడం మొదలుపెట్టారు. అందులో 16వ నంబరు సాలీడు, గేయస్ విల్లోసస్ జాతిది, 43 ఏళ్ళు బతికింది. 2016లో లియాండా మేసన్ వెళ్ళి చూసేసరికి మూతకి చిల్లు ఉంది, లోపల సాలీడు లేదు. ముసలితనంతో పోలేదు, పరాన్నజీవి కందిరీగ చంపి ఉంటుందన్నారు. అప్పటిదాకా మనిషి లెక్కకి తెలిసిన సాలీళ్ళన్నిట్లో అదే దీర్ఘాయుష్షు. బార్బరా గారు 2019లో కన్నుమూశారు. నలభై ఏళ్ళకి పైగా అదే నేలకి మళ్ళీ మళ్ళీ వెళ్ళి అవే మూతలు చూశారావిడ. నాకు ఆవిడంటే చెప్పలేనంత గౌరవం.

మీ బుష్‌లోని సాలీళ్ళ జాతి వేరు, అన్ని జాతులూ అంతకాలం బతుకుతాయని కాదు. అయినా మీరు చూసిన పెద్ద మూతల వెనక ఉన్నవి మీ వీధిలో కొన్ని ఇళ్ళకన్నా ముందునుంచీ అక్కడుండొచ్చు.

ఇప్పుడు నేను అడిగేదానికి జవాబు చెప్పండి. ఆ 14లో చిన్న మూతలు ఎన్ని? బియ్యపుగింజంత, పెసరగింజంత, చొక్కా గుండీ అంత? అన్నీ రెండు డాలర్ల నాణెమంతవే అయితే నాకు నిద్రపట్టదు. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు వెళ్ళి చూసి రండి. పగటిపూట, నేల తడిగా ఉన్నప్పుడు, మోకాళ్ళ కింద ఏదైనా మెత్తటిది వేసుకుని, ముక్కు నేలకి ఆనేలా. మోకాలు పెట్టేముందు అక్కడ చేత్తో తడిమి చూడండి. మూతలు తెరవొద్దు, పుల్లతో పొడవొద్దు.

ఇంకోటి, లోపలికి వెళ్ళేముందూ వచ్చాకా షూ అడుగున మట్టి గీకేసి మెథిలేటెడ్ స్పిరిట్ కొట్టండి. డైబ్యాక్ రోగం తడి మట్టితోనే పాకుతుంది. అది సోకితే బాంక్సియాలు పోతాయి, బాంక్సియాలు పోతే నీడా రాలే ఆకూ పోతాయి, ఆ తర్వాత సాలీళ్ళ సంగతి మనం మాట్లాడుకునే అవసరమే ఉండదు.

ఇద్దరు_పిల్లల_తండ్రి

నేను వేరే వైపు నుంచి మాట్లాడతాను, ఏమనుకోకండి. మా ఇల్లు కూడా ఇలాంటి బుష్‌ని ఆనుకునే ఉంది. పిల్లలకి ఐదేళ్ళు, మూడేళ్ళు. ఈ దేశంలో సాలీడంటే నాకు నిజంగానే భయం. మంటలంటే ఇంకా భయం. రెండేళ్ళ క్రితం జనవరిలో మా వెనక బుష్‌కి నిప్పంటుకుంటే పాస్‌పోర్టులు, పిల్లల మందులు సంచీలో వేసుకుని కారు స్టార్ట్ చేసుకుని కూర్చున్నాం. ఆకులు తీసేస్తామని కౌన్సిల్ అంటే నేనైతే సంతోషిస్తాను. సాలీళ్ళ కోసం ఇంటిని పణంగా పెట్టమనడం న్యాయమేనా అక్కా?

సుగుణ_నైట్‌డ్యూటీ

తమ్ముడూ, నీ భయం నాకు అర్థమవుతుంది. నా మూడో సందేహం కూడా అదే. నిప్పు సంగతి తెలిసినవాళ్ళెవరైనా చెప్పాలి.

కాటు గురించి మాత్రం నేను చదివింది చెప్తాను. ట్రాప్‌డోర్ కాటుతో మనిషి చనిపోయిన దాఖలా లేదు. కరిస్తే నొప్పి, వాపు ఉంటాయి. అసలు ఆడది బొరియ వదిలి రాదు. పత్రికల్లో వచ్చే, ప్రాణం తీయగల ఫనెల్‌వెబ్ సాలీడు సిడ్నీ వైపుది, మన దగ్గర లేదు. మనం జాగ్రత్తపడాల్సింది రెడ్‌బ్యాక్ సాలీడుతో. అది బుష్ మధ్యలో కన్నా మన పెరటి కుర్చీల కింద, పిల్లల సైకిళ్ళ సీట్ల కింద ఎక్కువ. దాని విషానికి విరుగుడు మందు 1956 నుంచే ఉంది. పిల్లల్ని ‘ఏ బొరియలోనూ వేలు పెట్టొద్దు’ అని నేర్పితే చాలు.

బాబాయ్ గారూ, రేపు శనివారం వెళ్తాను.

కంచె_పక్క_కమల

నేను ఇదే పనిలో ఉన్నాను. ఏ కౌన్సిల్ అన్నది అడక్కండి. బుష్ నిర్వహణకి కాంట్రాక్టులు రాసే వైపు పదకొండేళ్ళు చేశాను. తండ్రిగారి ప్రశ్న సరైన ప్రశ్న, దానికి కోపంతో కాకుండా జవాబు చెప్పాలి.

ఇంటిని కాపాడేది ఇంటి దగ్గర చేసే పని. గట్టర్లలో ఆకులు, గోడకి ఆనించిన కట్టెలు, కంచె పక్కన నడుమెత్తు పెరిగిన ఎండుగడ్డి. ముందు వీటిని చూడాలి. బుష్ ఫైర్స్ చట్టం 1954 కింద కౌన్సిళ్ళు ఏటా ఫైర్‌బ్రేక్ (మంట పాకకుండా ఖాళీ పట్టీ) నోటీసు ఇస్తాయి కదా, అందులో మీ స్థలంలో ఏం చేయాలో ఉంటుంది, అది తు.చ. తప్పకుండా చేయండి. బుష్‌లో కూడా కంచెల వెంబడి ఒక పట్టీ శుభ్రంగా ఉంచమని అడగడం న్యాయమే, నేనూ అదే రాస్తాను. కానీ ఓవల్ వైపు, మధ్యలో, షీఓక్‌ల కింద నేలంతా గీకేయడం ఆ పట్టీలాంటి పని కాదు.

అసలు చిన్న బుష్‌లలో నిప్పుని ఎక్కించేది చాలాచోట్ల వెల్ట్ గడ్డి. దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది. వేసవికి ఎండి కాగితంలా మండుతుంది. మండినచోట బుష్ మొక్కలకంటే ముందు మళ్ళీ అదే మొలుస్తుంది, మళ్ళీ మండుతుంది. ఇసుక బయటపడేలా గీకినచోట కూడా ముందు వచ్చేది అదే. ఆకులు ఊడ్చి గడ్డిని పెంచుకోవడమంటే మంటకి ఎదురెళ్ళి పిలవడమే. ఈ మాట కౌన్సిల్ ఫైర్ ఆఫీసర్లకి బాగా ఎక్కుతుంది, సాలీడు అనగానే వినని వాళ్ళకి కూడా.

సుగుణ గారూ, మీ ఉత్తరం ‘ఆపండి’ అని మొదలవకూడదు. మ్యాప్ ప్రింట్ తీసి బొరియలున్న చోటు చుట్టూ ఒక గీత గీయండి. ఆ గీత లోపల బ్లోయర్, రేక్, విప్పర్‌స్నిప్పర్ (గడ్డి కోసే యంత్రం) వద్దు అనండి. కంచె పట్టీ ఎక్కడ ఉండాలో మీరే గీసి చూపించండి. గీత లోపలి వెల్ట్ గడ్డిని ఆగస్టులో, గింజ పట్టకముందే, చేత్తో తీస్తామని రాయండి. దుబ్బుని లాగితే పక్కనున్న బొరియ కూడా లేచొస్తుంది, అందుకని కత్తితో మొదలు దగ్గర కోయాలి. పర్యావరణ అధికారికీ, ఫైర్ ఆఫీసర్‌కీ ఇద్దరికీ ఒకే ఉత్తరం పంపండి. ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసుకోకుండా ఉంటుంది.

బాంక్సియా అడవి సంగతి కూడా రాయండి. స్వాన్ తీర మైదానపు బాంక్సియా అడవిని 2016లో కేంద్ర ప్రభుత్వం అంతరించే ప్రమాదంలో ఉన్న సముదాయంగా ప్రకటించింది. చిన్న ముక్కలన్నీ ఆ నిర్వచనంలోకి రావు, మీది వస్తుందని నేను హామీ ఇవ్వను. కానీ అడిగితే వాళ్ళు చూడాలి. 2000లో పెర్త్ బుష్‌లని కాపాడటానికి వచ్చిన బుష్ ఫరెవర్ ప్రణాళికలో 287 స్థలాలు, దాదాపు 51,200 హెక్టార్లు గుర్తించారు. మీ ముక్క అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే దిగులుపడొద్దు, లేనివాటికే మీలాంటి పొరుగువాళ్ళ అవసరం ఎక్కువ.

ఇంకొక్కటి, చాలా ముఖ్యం. జీవుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ సైటులో పెడితే లొకేషన్ దాచిపెట్టండి. పెంచుకోవడానికి తవ్వుకుపోయేవాళ్ళు ఉన్నారు. ఇక్కడ కూడా మీ పేట పేరు రాయలేదు, మంచిపని చేశారు.

సుగుణ_నైట్‌డ్యూటీ

వెళ్ళొచ్చాను. మూడు గంటలు పట్టింది.

14 కాదు, 19 ఉన్నాయి. కొత్తగా దొరికిన ఐదింటిలో మూడు పెద్దవే, ఇన్నాళ్ళూ నేనే చూడలేదు. రెండు మాత్రం చిన్నవి. పెసరగింజకన్నా కొంచెం పెద్ద మూత, పక్కన అగ్గిపుల్ల సగం పొడుగున్న షీఓక్ ముక్కలు నాలుగు. మొదట నాకవి బొరియలనే అనిపించలేదు. కళ్ళు అలవాటుపడేసరికి మెడ పట్టేసింది. రెండూ ఒకే చోట, లోపలున్న పెద్ద షీఓక్ కింద, 11వ నంబరు పెద్దదానికి బారెడు దూరంలో.

బాట పక్కన ఊడ్చిన పట్టీలో చిన్నది ఒక్కటి కూడా లేదు. 5వ నంబరు బొరియలో ఇప్పుడు ఇసుక నిండింది.

బాబాయ్ గారూ, ఎందుకడిగారో ఇప్పుడు చెప్పండి.

బాంక్సియా_బాబాయ్

రెండు ఉన్నాయన్నారు. చదివి లేచి వరండాలో కాసేపు నడిచి వచ్చాను.

ఎందుకంటే, ఇవి ఎక్కువకాలం బతకడమే మనల్ని మోసం చేస్తుంది. చుట్టూ రోడ్లేసి, ఇళ్ళు కట్టి, బుష్‌ని రెండు హెక్టార్లకి కుదించాక కూడా పెద్ద ఆడవి ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాయి. మనం వెళ్ళి లెక్కపెట్టి పద్నాలుగు ఉన్నాయి, బాగానే ఉన్నాయి అనుకుంటాం. పిల్లలు పుట్టడం ఎప్పుడో ఆగిపోయి ఉండొచ్చు. పిల్లాపాపలు లేని ఊళ్ళో ముసలమ్మలు మిగిలినట్టు. ఒక్కొక్కటే పోతుంది, చివరిది పోయేదాకా మనకి తెలీదు. అందుకే మూతల సంఖ్య కన్నా మూతల సైజులు ముఖ్యం. స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో రాసుకోండి. ఏటా అదే నెలలో అదే పని చేయండి. పదేళ్ళ తర్వాత మీ నోటుపుస్తకం విలువ ఎవరికైనా తెలుస్తుంది.

మగవాటి సంగతి కూడా ఉంది. మగ సాలీడు కొన్నేళ్ళు తన బొరియలోనే పెరిగి, ఎదిగాక ఒకే ఒక్కసారి బయటికొస్తుంది, శీతాకాలపు మొదటి వానలకి. ఇక్కడి ఆదివాసులు నూంగార్‌లు జెరాన్, మకురు అనే కాలాలు ఉన్నాయి చూడండి, ఏప్రిల్ నుంచి జులై దాకా, ఆ మధ్యలో. ఆడదాన్ని వెతుక్కుంటూ నడిచి, కలిసి, చనిపోతుంది. మొదటి వానకి మన దగ్గర ఆరుద్ర పురుగులు బయటికొచ్చేవి కదా, మా నాన్న అవి కనబడ్డాకే దుక్కికి వెళ్ళేవాడు. ఇక్కడ మొదటి వాన పడ్డ రాత్రి నాకు అవే గుర్తొస్తాయి.

ఆ నడిచే రోజుల్లో బ్లోయర్లు తేవొద్దు. కౌన్సిల్ ఉత్తరంలో జులై అన్నారు కాబట్టి ఇది తప్పకుండా రాయండి. పక్క ఇళ్ళలో స్విమ్మింగ్ పూల్స్ ఉంటే, ఆ నెలల్లో పొద్దున్నే ఒకసారి చూడమని చెప్పండి. మగవి పడిపోతుంటాయి. చచ్చినట్టు కనబడినా బతికే ఉండొచ్చు. చేత్తో కాదు, వలగరిటెతో తీసి పొద కింద వదలాలి.

ఆకుల పొర ఎందుకు అంటే, పిల్ల సాలీడుకి అదే అంతా. పెద్దదాని బొరియ లోతు, నేల మీద వేసవి ఎండ కాల్చినా అడుగున చల్లగా ఉంటుంది. పిల్లది తవ్వేది కొద్దిపాటి లోతు మాత్రమే. పైన ఆకులు లేకపోతే మాడిపోతుంది. పేర్చుకోవడానికి పుల్లలుండవు, పుల్లల మీద నడిచే చీమలూ ఉండవు. మీ పట్టీలో చిన్నది ఒక్కటీ లేకపోవడానికి కారణం అదేనని ఒక్క ఏడాది చూసి ఖాయంగా చెప్పలేంగానీ, నేనైతే ఆ అనుమానంతోనే పని మొదలుపెడతాను.

ఇద్దరు_పిల్లల_తండ్రి

కమల గారూ, నిన్న గట్టర్లు ఎక్కి చూశాను. గుప్పెళ్ళకొద్దీ ఆకులు. కంచె అవతల వెల్ట్ గడ్డి నా నడుము దాకా ఉంది, ఇన్నాళ్ళూ అది బుష్ మొక్కే అనుకున్నాను. దాన్ని కోయడానికి అనుమతి కావాలా?

కంచె_పక్క_కమల

కంచెకి మీ వైపు అయితే అక్కర్లేదు. అవతలిది కౌన్సిల్ నేల కాబట్టి ఒక ఈమెయిల్ పెట్టి, వాళ్ళు చెప్పినట్టు చేయండి. కోసే ముందు నేల చూసుకోండి, మీకూ మూతలు దొరకొచ్చు.

సుగుణ_నైట్‌డ్యూటీ

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఉత్తరం పంపాను, మ్యాప్‌తో సహా. పర్యావరణ అధికారి స్వయంగా వచ్చింది. పాతికేళ్ళ పిల్ల. 11వ నంబరు దగ్గరికి తీసుకెళ్ళి, ‘ఇక్కడ ఉంది, చూడు’ అంటే చాలాసేపు కనబడలేదు తనకి. కనబడ్డాక ఇంక లేవలేదు, ప్యాంటు తడిసేదాకా అలాగే బోర్లా పడుకుని చూసింది.

అడిగినదంతా ఇవ్వలేదు. కంచెల వెంబడి నాలుగు మీటర్లు, బాట పక్కన ఒక మీటరు శుభ్రం చేస్తారట. బాట పక్కన ఆ మీటరులో 7వ నంబరు ఉంది. దాని చుట్టూ మాత్రం చేత్తో చేయిస్తానంది. మధ్య భాగానికి ఈ ఏడాది రారు. వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది చూద్దామంది. బ్లోయర్ల పని సెప్టెంబరుకి జరిపారు. బొరియలకి మీటరు దూరంలో నంబర్లున్న చిన్న గుర్తులు పాతుకోవడానికి ఒప్పుకుంది, బయటివాళ్ళకి తెలియకుండా నేల మట్టానికి.

రెడ్ లైట్ టార్చి కొన్నాను. గురువారం రాత్రి వాన అంటున్నారు, ఆ రోజు డ్యూటీ మార్చుకున్నాను.

ఆగస్టు రెండో శనివారం పొద్దున్న ఎనిమిదింటికి వెల్ట్ గడ్డి కోత. రాగలిగినవాళ్ళు నాకు విడిగా మెసేజ్ పెట్టండి, చోటు చెప్తాను. చిన్న కత్తి, చేతి తొడుగులు, షూకి స్పిరిట్, మోకాళ్ళ కింద వేసుకోడానికి ఏదైనా తెచ్చుకోండి. షీఓక్ కింద ఆ రెండు చిన్నవి ఉన్న చోట నేనొక్కదాన్నే కోస్తాను.